వచ్చినవారందరికీ బీపీ మర్యాద

నా దగ్గర వైద్యం చేయించుకునే మహాలక్ష్మమ్మగారిని కంటి ఆపరేషనుకని తీసుకువెళితే, రక్తపోటు ఎక్కువగా ఉందని రెండవసారి కూడా వెనక్కి పంపించారు. అప్పుడు నాకు వచ్చిన కోపమే ఈ రాతకు మూలం. కోపం ఆమె మీద కాదు, కంటి వైద్యుల మీదా కాదు. వారి బాధ్యత వారు నెరవేర్చారు. నా కోపమంతా ఒక అంకె మీద. ఎవరి చేతిదో, ఎప్పటిదో, కూర్చున్నప్పటిదో, పరుగున వచ్చినప్పటిదో తెలియని అంకెకు మనం చేస్తున్న సాష్టాంగ నమస్కారం మీద.

అమలాపురంలో చాలాకాలం వైద్యం చేసి విరమించుకున్నాను. ఏ పదవి ఎప్పుడు వచ్చింది, ఏ బదిలీ ఎందుకు ఆగింది అన్న సంగతులు మీకు అనవసరం. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక్కటే చెప్పదలిచాను: రక్తపోటు కొలవడం ఎలాగో. నవ్వకండి. పుస్తకంలోని అరుదైన జబ్బులన్నీ వల్లె వేయగల యువవైద్యులు, రోగి చేతిని గాలిలో వేలాడదీసి, చొక్కా మీదనే పట్టీ చుట్టి కొలవడం నేను కళ్ళారా చూశాను.

నాకొక అలవాటు ఉండేది. రక్తపోటు రాసిన ప్రతిచోటా ఆ మనిషి అప్పుడు ఏ స్థితిలో ఉన్నారో కూడా రాసేదాన్ని. మాత్ర వేసుకున్నారా, మెట్లెక్కి వచ్చారా, దారిలో ఎవరితోనైనా తగవు పడ్డారా, అన్నీ. "మీరు రాసేది కేసు షీటు కాదండీ, హరికథ" అని నర్సులు ఎగతాళి చేసేవారు. చేయనివ్వండి. కథ లేని అంకె అంకె కాదని నా నమ్మకం. ఇప్పటికీ అందులో మార్పు లేదు.

మాట్లాడవద్దన్న కేక

ఉద్యోగం మొదట్లో కొత్తపేట ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో ప్రభాకరంగారనే పెద్ద డాక్టరు కింద పనిచేశాను. క్రమశిక్షణ గల మనిషి. వరండాలో వీపు ఆనే కుర్చీ ఒకటి వేయించి దానికి బీపీ కుర్చీ అని పేరు పెట్టారు. రోగి అందులో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, కాస్సేపు మౌనంగా కూర్చున్న తరువాతనే పట్టీ చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. ఆ నియమాలలో ఒక్కటీ తప్పు కాదు. తప్పల్లా ఆయన గొంతులో ఉంది.

పెద్దమనిషి ఎదురుగా ఉండగా పలకరించకుండా కూర్చోవడం మన కోనసీమలో అమర్యాద. పట్టీ బిగుస్తూ ఉండగానే రోగి మొదలుపెట్టేవాడు.

"బాగున్నారాండీ? అమ్మగారు బాగున్నారాండీ?"

"మాట్లాడొద్దన్నానా!" అని ప్రభాకరంగారు గర్జించేవారు.

"ఆయ్. మాట్లాడనండీ."

"ఇప్పుడు మాట్లాడేవు కదయ్యా!"

"ఆయ్. ఇంక మాట్లాడనండీ."

గాజుగొట్టంలో పాదరసం పైకి ఎగబాకేది. రోగి చీటీలో మరో మాత్ర చేరేది. నాకు ఒళ్ళు మండేది, కాని కొత్త ఉద్యోగిని. ఏమీ అనలేక, నా అలవాటు ప్రకారం, కొందరికి రెండుసార్లు కొలిచి రెండూ రాసిపెట్టాను: కేకకు ముందు, కేకకు తరువాత. ఒకనాడు ఆ షీటు ఆయన కంటబడింది.

"ఏమిటమ్మా ఇది? ఎవరి కేక?"

"మీదేనండీ" అన్నాను.

ఆయన ఆ అంకెలను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అంతలో ఆయన కుర్చీ కదిలిపోయేంతగా నవ్వారు. ఆనాటి నుంచి కేక మాని, తన పెదవుల మీద తానే వేలు పెట్టుకుని నిలబడేవారు. రోగులు కూడా అలాగే వేలు పెట్టుకునేవారు. ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా మూతుల మీద వేళ్ళు పెట్టుకున్న ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు. తన తప్పు చూసుకుని నవ్వగల పైఅధికారి దొరకడం అదృష్టం. అంకెలనే దిద్దమన్నవారు కూడా తరువాత తగిలారు. వారి గురించి రాస్తే కాగితం దండగ.

మాత్రకు దక్కిన గౌరవం

అల్లవరం వైపు రొయ్యల చెరువులు చేసే సూర్రావుగారు నా దగ్గరకు వచ్చిన ప్రతిసారీ రక్తపోటు చక్కగా ఉండేది. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త కొలిస్తే భయపడేటంత ఉండేది. ఈ తేడా నన్ను చాలాకాలం వేధించింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగాను.

"ఆయ్."

"రోజూనా?"

"ఆయ్."

"లేకపోతే అప్పుడప్పుడు మానేస్తున్నారా?"

"ఆయ్."

బయటి జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చే యువవైద్యులు ఈ మాట దగ్గరే బోల్తా పడతారు. ఆయ్ అంటే ఔను అనుకుంటారు. మీ మాట నా చెవిన పడింది, మీరంటే నాకు గౌరవం అని మాత్రమే దానికి అర్థం. కాబట్టి ఆయ్ అని జవాబు చెప్పగలిగే ప్రశ్న మన ప్రాంతంలో వైద్యుడు అడగకూడదు. నేను ప్రశ్న మార్చాను.

"నిన్న లేచిన దగ్గరనుంచి ఏం చేశారో చెప్పండి."

"నిన్నాండీ? తెల్లారకుండానే చెరువు మీదకెళ్ళిపోయేనండి. కరెంటు పోయి నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయేయండి. రొయ్య పైకి తేలిపోద్దేమోనని కాలూ చెయ్యీ ఆడలేదండి."

"మరి మాత్ర?"

"నిన్న మీ దగ్గరికి రాలేదు కదండీ."

"నా దగ్గరికి రావడానికీ మాత్రకీ ఏమిటి సంబంధం?"

ఆయన నా తెలివికి జాలిపడినట్టు చూశారు. "భలేవోరండీ! మాత్ర ఏసుకోకుండా డాక్టరమ్మగారి ముందుకి ఎలా వత్తామండీ? మీరు రాసిచ్చినదానికి ఓ మర్యాద ఉండక్కర్లేదా అండీ?"

నా గదిలో కనిపించేది ఆయన రక్తపోటు కాదు, ఆయన సంస్కారం. ఆ రోజు నుంచి ఇంటి దగ్గర కొలిచిన అంకె లేనిదే ఎవరికీ మందు మార్చలేదు. ఆసుపత్రి అంకె కొందరిలో భయం వల్ల పెరుగుతుంది, కొందరిలో మర్యాద వల్ల తగ్గుతుంది. ఇంటి అంకె కొంత నయం. అయితే కోనసీమ ఇల్లు ఎలాంటిదో కూడా వైద్యునికి తెలిసి ఉండాలి. అదే ఇప్పుడు చెప్పబోయేది.

ఊగిసలాడిన అంకెలు

మహాలక్ష్మమ్మగారు, సత్యవతిగారు తోడికోడళ్ళు. రాజోలుకు దగ్గరలోని ఒక పల్లెలో, ఒకే అరుగు మీదకు తెరుచుకునే రెండు వాటాలలో ఉంటారు. ఇద్దరూ లేసు అల్లుతారు. ఇద్దరికీ రక్తపోటు ఉంది. పెద్దావిడ మహాలక్ష్మమ్మగారికి దానితోపాటు మధుమేహం కూడా. ఆమె కుడికంట్లో శుక్లం ముదిరిపోయింది, ఎడమకంట్లో మొదలైంది. "లోకం కనపడకపోతే పోయిందండీ, నాకు దారం కనపడాలి" అనేవారు. దారం కనబడాలంటే ఆపరేషను జరగాలి. ఆపరేషను జరగాలంటే రక్తపోటు అదుపులో ఉండాలి. అది లేదనే రెండుసార్లు వెనక్కి పంపారు.

నా క్లినిక్కును కిరణ్ అనే యువవైద్యుడికి అప్పగిస్తున్న రోజులవి. తెలివైనవాడు, కష్టపడేవాడు, తొందర ఎక్కువ. మహాలక్ష్మమ్మగారు ఇంట్లో వాడుతున్న బీపీ మిషను తెచ్చి బల్ల మీద పెట్టారు. కిరణ్ దాని బొత్తం నొక్కి, అందులో నిలవ ఉన్న అంకెలను ఒక్కొక్కటే పైకి రప్పించాడు.

"చూడండి మేడమ్. ఒకసారి నూట అయిదు. వెంటనే నూట తొంభై. మళ్ళీ నూట ఇరవై. సుగరు ఉన్నవాళ్ళలో ఇంటి బీపీ ఎక్కువగా ఊగిసలాడుతుందని చదివాను. మూడో మందు వేద్దాం."

అతడు చదివినది అబద్ధం కాదు. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారకుండా నరాలు రక్తనాళాలను బిగించి పట్టుకుంటాయి. మధుమేహం ఏళ్ళ తరబడి ఉంటే ఆ నరాలు మొద్దుబారవచ్చు. నాళాలు గట్టిపడవచ్చు. అందుకని అలాంటివారిలో పూటపూటకూ తేడా ఎక్కువగా ఉండడం నేను చాలామందిలో చూశాను. మధుమేహం లేనివారిలో తేడా అసలు ఉండదని కాదు, పాళ్ళలో భేదం. కాని ఇంత భేదమా?

"ఇంతలా ఊగితే అది ఉయ్యాల, కిరణ్. మనిషి కాదు" అన్నాను.

"మిషను అబద్ధం చెప్పదు కదా మేడమ్."

"చెప్పదు. ఎవరి గురించి నిజం చెబుతోందో అది కూడా చెప్పదు."

అప్పుడే మహాలక్ష్మమ్మగారు పక్కనుంచి మరో సంగతి చెప్పారు. "పీట మీంచి లేత్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయండీ. మొన్న గోడ పట్టుకుని నిలబడ్డాను." లేచినప్పుడు రక్తపోటు పడిపోయే మనిషికి మూడో మందు వేస్తే, కంటి ఆపరేషను మాట అటుంచి, పడి విరిగిన తుంటి ఆపరేషనుకు తీసుకువెళ్ళవలసి వస్తుంది. మందు మార్చకుండా ఆమెను ఇంటికి పంపించి, మరునాడు కిరణ్‌ను వెంటబెట్టుకుని నేనే వారి ఊరు వెళ్ళాను.

అరుగు మీద

మేము వెళ్ళేసరికి అరుగు మీద కొబ్బరి దింపు మేస్త్రి అప్పారావు కాఫీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. అతని ముందు సత్యవతిగారు బీపీ పట్టీ విప్పుతున్నారు.

"కాఫీ తాగేసి ఊరికే ఎళ్ళిపోతావా అప్పారావూ? చెయ్యి ఇలా పెట్టు."

"ఇప్పుడే చెట్టు దిగేనమ్మా. గుండె ఇంకా డబడబలాడతంది."

"ఏం పర్లేదు, పెట్టు."

"పెడతాలెండి. మొన్న మా బావొత్తే ఆడికి చూసేరంట. నాకు చూడకపోతే చిన్నతనం కదండీ."

కిరణ్ నా వంక చూశాడు. నేను అతని వంక చూడలేదు. చూస్తే నవ్వేస్తానని భయం.

"సత్యవతిగారూ, ఇలా ఎవరెవరికి చూస్తున్నారు?" అని అడిగాను.

"వచ్చినోళ్ళందరికీనండీ" అన్నారు ఆమె, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "ఇంట్లో మిషను పెట్టుకుని, కాఫీ ఒక్కటీ ఇచ్చి పంపించేత్తే ఏం బాగుంటుందండీ?"

"గ్యాసు అబ్బాయిని కూడా వదల్లేదండీ ఇది" అని మహాలక్ష్మమ్మగారు లోపలినుంచి అందుకున్నారు. "ఆడు మంచినీళ్ళడిగితే, ఇది బీపీ చూసింది."

"నువ్వూరుకో అక్కా. ఆడికి ఎక్కువున్నాదని పెద్దాసుపత్రికి పంపింది నేనే కదా! అక్కడ చూసి నిజవేనన్నారు. ఆడి పెళ్ళాం అరిటిపళ్ళు పట్టుకొచ్చి మరీ దణ్ణం పెట్టెళ్ళింది."

"దానిక్కూడా చూసి పంపేవు."

చెట్టు దిగిన అప్పారావు, మంచినీళ్ళడిగిన అబ్బాయి, దణ్ణం పెట్టిన అతని భార్య, పేరంటానికి పిలవవచ్చిన ముత్తయిదువలు: ఊగిసలాడింది ఒక మనిషి రక్తపోటు కాదు, వీధి వీధంతా. ఆ వీధికి సరిపడా మందులు మేము ఒక్క మహాలక్ష్మమ్మగారి చేత మింగించబోయాము. కిరణ్ ముఖం ఎర్రబడింది. తరువాత భుజాలు కదిలాయి. చివరకు పైకే నవ్వేశాడు. నవ్వగలిగినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

"ఏం బాబుగారూ, నవ్వుతున్నారు? రండి, ముందు డాక్టరమ్మగారికి చూసి తరవాత మీకు చూత్తాను" అన్నారు సత్యవతిగారు.

నేను వద్దంటే ఆమె వినలేదు. కాఫీ తాగించారు, పట్టీ చుట్టారు. నా అంకె బాగాలేదు. సత్యవతిగారు నన్ను దయగా చూసి, "కోపం తగ్గించుకోవాలండీ మీరు. ఈ వయసులో మంచిది కాదు" అన్నారు. కిరణ్ కొబ్బరిచెట్ల వైపు తిరిగి ఏదో తీవ్రంగా పరిశీలిస్తున్నట్టు నటించాడు.

లెక్కలో ఉన్నాను

వచ్చినవారికి మర్యాద చేయవద్దని ఆ ఇంట చెప్పడం నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. కాబట్టి క్లినిక్కులో అదనంగా ఉన్న మిషనొకటి తెప్పించి ఇచ్చాను. అది చుట్టాల మిషను. పాతది తోడికోడళ్ళిద్దరిదీ, దానిని మూడో చెయ్యి తాకకూడదు. ఎవరి అంకెలు వారి పేరున విడిగా రాయాలి. ఉదయం మాత్రకు ముందు, సాయంత్రం భోజనానికి ముందు; ప్రతి పూటా ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు. పెద్దావిడకు కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలుచున్నాక మరొకసారి.

అన్నిటికీ ఒప్పుకున్నారు. మౌనం దగ్గరే చిక్కు వచ్చింది. అరుగు మీద కూర్చుంటే దారినపోయే ప్రతివారినీ పలకరించాలి. లోపల కూర్చుంటే, "పెద్దమ్మగారు లోపలున్నారేంటండీ, ఒంట్లో బాగాలేదా?" అని వారే లోపలికి వస్తారు. నేను ప్రభాకరంగారి వేలు మొదలుకొని నాకు తెలిసిన ఉపాయాలన్నీ చెప్పాను. ఏదీ పనికిరాలేదు.

"అక్కా, లెక్కలో ఉన్నాననుకో" అన్నారు సత్యవతిగారు.

లేసు అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టుకోవాలి. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే వరస మొత్తం విప్పాలి. అందుకని ఆ ఇంట్లో ఎవరైనా "లెక్కలో ఉన్నాను" అన్నారంటే అల్లుడు వచ్చినా మాట్లాడించరు. వీధిలో వారందరికీ అది తెలుసు, దానిని ఎవరూ తప్పుపట్టరు. మహాలక్ష్మమ్మగారు ఆ మాట ఒక్కసారి అని, కళ్ళు మూసుకుని, వీపు ఆనించి కూర్చున్నారు. అరుగంతా నిశ్శబ్దమైంది. అప్పారావు గ్లాసు కింద పెట్టడం కూడా మానేశాడు. నా ఉద్యోగ జీవితంలో అంత చక్కగా రక్తపోటు కొలిచిన సందర్భం మరొకటి లేదు.

కొద్దికాలం తరువాత ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూశాము. మధుమేహం లేని సత్యవతిగారివి ఇంచుమించు ఒకే తీరుగా నడిచాయి. అరటిగెల విషయమై పొరుగావిడతో మాటామాటా వచ్చిన సాయంత్రం మాత్రం ఎగిరాయి. మహాలక్ష్మమ్మగారివి నిజంగానే ఊగాయి. మిషను మొదట చూపినంత కాదు, తోడికోడలి కంటే మాత్రం ఎక్కువ. ఉదయం పైకి, సాయంత్రానికి కిందికి. లేచి నిలబడితే ఇంకా కిందికి. అంటే కిరణ్ చదివినది సరైనదే. అయితే సరైన మాటను తప్పుడు అంకెలకు అంటగట్టడం తప్పుడు మాటకంటే ప్రమాదం, ఎందుకంటే దానిని ఎవరూ ప్రశ్నించరు.

మూడో మందు వేయలేదు. ఉన్నవాటిలో ఒకటి తగ్గించి, మరొకదాని వేళ మార్చాము. మంచం మీంచి లేచేముందు కాసేపు కూర్చోమన్నాము. ఆ మందుల పేర్లు ఇక్కడ రాయను. ఒకరి చీటీ మరొకరు వాడుకునే అలవాటు మన దగ్గర ఎంత గట్టిదో నాకు తెలుసు. బైర్లు కమ్మడం తగ్గింది. ఇక మిగిలింది కన్ను.

పరగడుపు

ఇంట్లో మరీ ఎక్కువ లేని రక్తపోటు ఆపరేషనుకు వెళ్ళిన రెండుసార్లూ ఎందుకు పెరిగింది? భయం కొంత. భయం ఒక్కటే అని సరిపెట్టుకోకుండా ఈసారి కిరణే అడిగాడు.

"ఆ రోజు లేచిన దగ్గరనుంచి చెప్పండమ్మా."

"లేచేనండీ. మొహం కడుక్కున్నాను. పరగడుపున రమ్మన్నారు కదండీ, అలాగే ఎళ్ళేం."

"బీపీ మాత్ర?"

"అయ్యో, అదెలా ఏసుకుంటానండీ? మాత్ర కూడా కడుపులోకే కదండీ ఎళ్ళేది!"

రెండుసార్లూ అంతే. చెప్పినదానిని చెప్పినట్టు పాటించినందుకే ఆమెను వెనక్కి పంపారు. ఏమీ తినకుండా రమ్మని చెప్పే నోటితోనే ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో కూడా చెప్పకపోవడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి. కిరణ్ కంటి వైద్యునితో మాట్లాడాడు. గుక్కెడు నీళ్ళతో బీపీ మాత్ర వేసుకోవచ్చునని, సుగరు మందు మాత్రం ఆ పూటకు ఆపాలని ఆయన స్పష్టంగా చెప్పారు. ఇంటి అంకెలు కూడా పంపమన్నారు. పంపించాము.

ఆపరేషను ఉదయం మేమూ వెళ్ళాము. నర్సు పట్టీ పట్టుకుని రాగానే మహాలక్ష్మమ్మగారు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, "లెక్కలో ఉన్నాను" అన్నారు.

"ఏం లెక్కమ్మా?" అంది నర్సు.



"మాట్లాడించకండమ్మా, వరస పోద్ది" అన్నారు సత్యవతిగారు, గొంతు తగ్గించి.

నర్సు అయోమయంగా మా వంక చూసింది. కిరణ్ తల ఊపాడు. ఆమె కాస్సేపు ఆగి కొలిచింది. తరువాత తలుపు వైపు తిరిగి, "పంపించండి లోపలికి" అంది. సత్యవతిగారు నా చెయ్యి పట్టుకుని నొక్కిన నొక్కుకు గాజు గుచ్చుకుంది.

కట్టు విప్పిన రోజు

మరునాడు కట్టు విప్పారు. మహాలక్ష్మమ్మగారు డాక్టరు వంకా, మా వంకా ఒక్కసారి చూసి, అంతటితో మమ్మల్ని వదిలేశారు. తోడికోడలి సంచీలో చెయ్యి పెట్టి ఒక లేసు ముక్క బయటకు లాగి, చేయి చాచి దూరంగా పట్టుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

"ఇదెవరు అల్లేరే?"

సత్యవతిగారు సంచీ మూతి బిగించుకున్నారు.

"ఇక్కడ కుట్టే లేదు. ఇక్కడ రెండు ఒకే బొక్కలో పడ్డాయి. ఈ పువ్వు చూడు, తొక్కేసిన అప్పడంలాగున్నాది. ఎవరే ఇంత దరిద్రంగా అల్లింది?"

"నువ్వే అక్కా. ఇన్నాళ్ళూ కూచుని అల్లింది అదే."



"మరి చెప్పలేదేమే?"

"చెప్తే నీ బీపీ పెరుగుద్దని."

కంటి డాక్టరే ముందు నవ్వారు. ఆ తరువాత ఎవరు ఎంత నవ్వారో చెప్పలేను. కిరణ్ అలవాటు కొద్దీ పట్టీ అందుకోబోయాడు. నేను వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. మహాలక్ష్మమ్మగారు అప్పటికే దారపు కొస వెతికి పట్టుకున్నారు. తోడికోడలిని తిడుతూ, నవ్వుతూ, మా అందరి ముందే వరస తరువాత వరస విప్పసాగారు.